ఐర్లాండ్ సంబంధం

ఆంటీ పోయిన మర్నాడు సిడ్నీ శివారు గిరావీన్‌లో వాళ్ళింటి నిండా జనం. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట, "చాలా మంచావిడండీ" అని. వినీ వినీ నాకు ఒళ్ళు మండింది. ఒక మనిషి గురించి చెప్పడానికి మరేమీ దొరకనప్పుడు అనే మాట అది. ఈవిడ గురించి చెప్పడానికి బోలెడుంది. ఆవిడే ఆ హాల్లో ఉండుంటే, వీధి తలుపు పక్కన తనకని వేయించుకున్న కుర్చీలోంచి ముందుకు వంగి, ఆ మాటన్న ప్రతివాళ్ళనీ నిలబెట్టి అడిగేవారు. "నువ్వు చూసిందా, విన్నదా?"

ఈ ఒక్క ప్రశ్నతో ఆవిడ సిడ్నీ పడమటి శివార్లలోని తెలుగువాళ్ళని ఏళ్ళ తరబడి హడలగొట్టారు. "మెల్‌బోర్న్ చలికి మనవాళ్ళు తట్టుకోలేరటండీ" అని ఎవరైనా మొదలుపెట్టారా, చూపుడువేలు లేచేది. విన్నదే ఆంటీ అని ఒప్పుకుంటే "అయితే పక్కన పెట్టు" అనేవారు. పారేయమనేవారు కాదు. "విన్నదంతా అబద్ధమని నేను చెప్పలే పాపా. విన్నదానికి మందు రాయగూడదు, అంతే."

మందు రాయడం ఆవిడకి తెలిసిన పని. కర్నూల్లో పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి తల నెరిసేదాకా కాన్పుల ఆసుపత్రి నడిపారు. "కర్నూల్లో సగం జనాన్ని పుట్టంగానే మొదట తిట్టింది నేనే" అని గర్వంగా చెప్పుకునేవారు. భర్త పోయాక ఒక్కగానొక్క కొడుకు సిడ్నీ తెచ్చుకున్నాడు. ఆ కొడుకూ మా నాన్నా ఒకే బ్యాంకులో కంప్యూటర్ల మీద పనిచేసేవారు కాబట్టి మాకూ వాళ్ళకీ రాకపోకలు. ఇక్కడ వైద్యం చెయ్యాలంటే మళ్ళీ పరీక్షలు రాయాలి కదా, రాయరా అని మా నాన్న ఒకసారి అమాయకంగా అడిగారు.

"నాకు పరీక్ష పెట్టేవాడు ఇంగా పుట్టలేదప్పా. పుట్టింటే నా చేతుల్లోనే పుట్టింటాడు" అన్నారు ఆంటీ. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

గంజి పెట్టిన నూలు చీర, దాని కింద తెల్లటి బూట్లు, మగవాళ్ళ చేతి గడియారం. గడియారం ముఖం లోపలివైపుకి తిప్పి పెట్టుకునేవారు. వీధిలోకి వస్తే కొంగు తలమీదికి వచ్చేది. ఆదివారాలు పార్కులో అందరం కలిసి బార్బీ, అంటే బార్బెక్యూ, పెట్టుకుంటే, తన హలాల్ మాంసం తను తెచ్చుకుని, పొయ్యి తనే కడుక్కుని, తన మాంసం కాల్చుకున్నాకే మిగతావాళ్ళకి పొయ్యి వదిలేవారు. అది కాలేలోపు చుట్టూ ఉన్నవాళ్ళ నాలుకలు చూసేవారు. "చూపించు నాలిక. రాత్రి ఏం తిన్నావు? అబద్ధం చెప్పద్దు." పెద్ద పెద్ద ప్రాజెక్ట్ మేనేజర్లు కూడా చేతిలో పేపర్ ప్లేట్ పట్టుకుని నోరు తెరిచి నిలబడేవారు. ఆవిడ మనవడు మాత్రం చెట్టు వెనక్కి పారిపోయి "దాదీ, ప్లీజ్, నాట్ దిస్ ఆర్వో!" అని, ఈ మధ్యాహ్నానికి వదిలెయ్యమని, ఇక్కడి యాసలో అరిచేవాడు.

కారు నేర్చుకోవడం అరవై దాటాక మొదలుపెట్టారు. పరీక్షలో తప్పారు. మళ్ళీ తప్పారు. ఏమైంది ఆంటీ అంటే, "ఆ పిల్లోడికి భయం. పక్క సీట్లో కూచోని ఒకటే చెమట్లు. బీపీ ఉన్నట్టుంది. నేను బాగానే నడిపినా" అన్నారు. చివరికి పాసయిన రోజు, పరీక్ష పెట్టినతనికి బీపీ మాత్ర వేళకి వేసుకోమని చెప్పి వచ్చారట. ఆ తర్వాత ఆవిడ కారులో పక్క సీట్లో చాలాసార్లు కూర్చున్నాను కాబట్టి, ఆ అబ్బాయి చెమట్ల గురించి నాకు విన్నది కాదు, చూసిందే.

మా నాన్నకి ఆవిడంటే గురి కుదిరింది మాత్రం కొత్త శతాబ్దం మొదటి రోజున. అంతకు ముందు రెండేళ్ళు మా నాన్న చేసిందల్లా ఒకటే పని. రెండు వేల సంవత్సరం రాగానే బ్యాంకు కంప్యూటర్లన్నీ అది పంతొమ్మిది వందల సంవత్సరమని భ్రమపడకుండా, పాత ప్రోగ్రాముల్లో తారీఖులన్నీ వెతికి సరిచెయ్యడం. ప్రపంచమంతా ఊపిరి బిగపట్టి చూసింది. తీరా ఏమీ జరగలేదు. ఏటీఎంలు డబ్బులిచ్చాయి, లైట్లు వెలిగాయి. ఆ మధ్యాహ్నం భోజనాలకి కలిసినవాళ్ళు మా నాన్నని పట్టుకుని ఒకటే ఆటపట్టించడం. "ఇంతోటి దానికి మీకు రెండేళ్ళు జీతాలిచ్చారా?" అని. ఆయన నవ్వుతున్నారు గానీ ముఖం మాడిపోయింది.

ఆంటీ చేతిలో పళ్ళెం కింద పెట్టారు. "ఏమప్పా, మీ పిల్లోల్లకు పోలియో వచ్చిందా? రాలే. ఏంటికి రాలే? ఎవరో చుక్కలు ఏసినారు గాబట్టి రాలే. వాళ్ళని తలుచుకున్యారా ఎప్పుడన్నా?" మా నాన్న వైపు తిరిగి, "రాని జబ్బుకు డాక్టర్ని ఎవురూ మెచ్చుకోరు సార్. నీ బాధ నాకు తెలుసులే, తిను" అన్నారు. ఆ రోజు నుంచి మా నాన్న ఆవిడ ఎదురుగా కాలు మీద కాలు వేసుకుని కూర్చోలేదు.

ఆ నెలలోనే నా సంగతి తేలింది. తేలడం అంటే మునగడం. నాకు డాక్టర్ చదువు తప్ప మరో ధ్యాస లేదు. పన్నెండో తరగతిలో మార్కులు బాగానే వచ్చాయి. కానీ ఇక్కడ మార్కులతో పాటు ఇంటర్వ్యూ ఉంటుంది. బల్లకి అటువైపు ముగ్గురు కొత్త మనుషులు కూర్చుని, మమ్మల్ని పేషెంట్లనుకుని మాట్లాడు అన్నారు. నేను బిగుసుకుపోయాను. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం. సీటు రాలేదు.

అప్పుడు ఐటీకి పట్టిన యోగం అంతా ఇంతా కాదు. దారిన పోయేవాడికి జావా వచ్చంటే పిలిచి కుర్చీ వేసేవారు. మా అమ్మ నన్ను కూర్చోబెట్టి, "బంగారంలాంటి ఐటీ ఉండగా ఈ జబ్బులూ రక్తాలూ ఎందుకే నీకు?" అంది. సరేనని ఇక్కడి యూనివర్సిటీలో ఐటీలో చేరాను. రోజూ రైలెక్కి వెళ్ళి, వెనక వరసలో కూర్చుని, కిటికీలోంచి చూసి వచ్చేదాన్ని. అది చూసి మా నాన్నే కరిగారు. ఐర్లాండ్‌లో బయటిదేశాల పిల్లలని మెడిసిన్‌లోకి తీసుకుంటారని ఆఫీసులో ఎవరో చెప్పారట. దరఖాస్తులు పెట్టాం. డబ్లిన్‌లో ఒక పెద్ద కాలేజీలోనూ, పడమటి సముద్రం ఒడ్డున గాల్వే అనే చిన్న ఊళ్ళోనూ రెండు చోట్లా సీటు ఇస్తామన్నారు. రెంట్లో ఒకటి ఎంచుకుని త్వరగా చెప్పాలి. చెప్పలేకపోతే ఐటీయే గతి.

మా నాన్న దాన్ని కూడా ప్రాజెక్టు చేసేశారు. గోడకి చార్టు అంటించారు. కాలేజీ వయసు, పేరు, వానలు, గుడి ఎంత దూరం, బియ్యం ఎక్కడ దొరుకుతాయి. చివరి గడిలో "మనవాళ్ళు" అని రాశారు. డబ్లిన్‌కి ఎదురుగా పెద్ద టిక్కు. అక్కడ హైదరాబాద్ పిల్లలూ గుంటూరు పిల్లలూ బోలెడుమంది ఉన్నారని మాకు తెలిసిన రెండు కుటుంబాలు చెప్పాయి. గాల్వే ఎదురుగా సున్నా. ఇంకేముంది, డబ్లినే అని తేల్చేసి, శుభమా అని ఆ సాయంత్రం ఆంటీని కూడా పిలిచారు.

ఆవిడ గోడ మీది చార్టుని ఎక్స్‌రే చూసినట్టు దగ్గరగా వెళ్ళి చూశారు. చూసి వచ్చి కూర్చుని, "పెండ్లి సంబంధం ఎట్ల చూస్తారప్పా మీ పక్క?" అని అడిగారు.

మా నాన్న తడబడ్డారు. "కాలేజీకీ పెళ్ళికీ పోలికేంటండీ డాక్టరు గారూ?"

"ఐదేండ్లు కాపరం చేయాల గదా ఆడ. చెప్పు, ఎట్ల చూస్తారు?"

"ఏముందండీ... అటేడు తరాలు ఇటేడు తరాలు చూడాలంటారు. ఇల్లూ వాకిలీ, కుటుంబం, పేరు..."

"అదీ, అది మగోల్లు చూసేది. గోడలకు సున్నం బాగుందా, వాకిట్లో కారుందా అని. ఆడోల్లం మేం అవి చూడం. ఆ ఇంటికి ముందే పోయిన కోడలుంటాది గదా, ఆమెను పట్టుకుంటాం. నీ కాలేజీకి పోయిన కోడండ్లని అడిగినావా?"

"చదువుతున్న పిల్లలు బాగుందనే అంటున్నారండి."

"చదువుతాండేది కొత్త పెండ్లికూతుర్లు. వాళ్ళకు అంతా బాగుంటాది. చదువు ముగిచ్చి బయటకొచ్చినోల్లు యాడున్యారు, ఎట్లున్యారు? వాళ్ళని అడుగు." తర్వాత మా నాన్నని చేత్తో పక్కకి తోసేసినట్టు నా వైపు తిరిగారు. "నువ్వు అడుగు పాపా. ఆ ఇంటికి పోయేది నువ్వు, మీ నాయన గాదు."

నాకా కొత్తవాళ్ళంటేనే భయం. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఫోన్ చేసి మాట్లాడాలి. అయినా ఆవిడకి ఎదురు చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. డబ్లిన్‌లో చదువు ముగించిన ఒక హైదరాబాద్ అమ్మాయి నంబరు తెలిసినవాళ్ళ ద్వారా దొరికింది. గాల్వే వాళ్ళు తమ దగ్గర చదివిన ఒక మలేషియా అమ్మాయి నంబరు ఇచ్చారు, ఆమె ఒప్పుకుందని చెప్పి. మాకు సాయంత్రమయితే వాళ్ళకి పొద్దున. భోజనాలకి ముందు ఫోన్ కార్డు గీకి ఇద్దరికీ చేశాను. కాలేజీ బాగుంటుందా అని అడిగాను. బాగుంటుందమ్మా అంది ఒకామె. వెరీ గుడ్ అంది రెండో ఆమె. బతుకుజీవుడా అని పెట్టేశాను. మా నాన్న రెండింటికీ టిక్కులు పెట్టారు.

మర్నాడు ఆంటీ ఆ టిక్కులు చూసి నవ్విన నవ్వుకి మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"బాగుంటాదా అని అడిగినావా? ఓసి పిచ్చి పాపా! సంబంధం గురించి అట్ల అడిగితే మన దేశంలో ఎవరన్నా బాగలేదంటారా? పెండ్లి చెడగొట్టిన పాపం చుట్టుకుంటాదని భయం. మీకూ అంతే, మాకూ అంతే. మొగుడు రోజూ తాగొచ్చి కొట్టినా సరే, మంచోల్లమ్మా, పెద్ద కుటుంబం అనే చెప్తారు."

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదండీ" అంది మా అమ్మ, పాపం ఆవిడకి మద్దతుగానే.

"ఆఁ, ఆ వెయ్యిలో రెండు ఈ పిల్ల నిన్న వినింది" అన్నారు ఆంటీ. నా పక్కకి కుర్చీ జరుపుకున్నారు. "ఇప్పుడు చెప్తా ఇను. ఇల్లు ఎట్లాంటిది అని అడగగూడదు. నీకు చెల్లెలుంటే ఆ ఇంటికి ఇస్తావా అని అడగాల. అడిగి నోరు మూసుకోవాల. వాళ్ళు ఊరికే ఉంటే నువ్వూ ఊరికే ఉండు. మధ్యలో దూరి సర్దిచెప్పినావంటే తంతా."

ఆ సాయంత్రం ఆవిడ పక్కన కూర్చోగా మళ్ళీ ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టించారు. డబ్లిన్ అక్క ఫోన్ ఎత్తగానే అడిగేశాను. "అక్కా, మీకు చెల్లెలుంటే అక్కడికి పంపుతారా?"

అటు నుంచి మాట లేదు. లైన్ కట్టయిందేమో అని నేను నోరు తెరవబోతే, ఆంటీ నా మోకాలి మీద గట్టిగా నొక్కారు.

"చెల్లి ఉంది నాకు" అంది అక్క చివరికి. "పంపను."

తర్వాత ఆమే చెప్పుకొచ్చింది. "కాలేజీని ఏమీ అనను. తప్పు మాదే. ఎంతమందిమి ఉండేవాళ్ళమో! మాకు మేమే అక్కడో హైదరాబాద్ కట్టేసుకున్నాం. ఒకే చోట వంట, ఒకే టేబుల్ మీద చదువు, సినిమాలు, పండగలు. ఐదేళ్ళూ మస్తు గడిచింది. మంచి మార్కులతో పాసయినం. ఉద్యోగంలో చేరినాక వార్డులో ఒక ముసలమ్మ నాకేదో చెప్తుంటే ఒక్క ముక్క అర్థం కాలే. పక్కనున్న నర్స్ ఇంగ్లిష్‌ని ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పింది నాకు. సిగ్గుతో చచ్చిపోయినా. మా చెల్లి నాకన్నా మొహమాటం మనిషి. మా మధ్యకొస్తే ఇంక బయటికి రాదు."

నాకు ఆ చెల్లెలు ఎవరో ఎదురుగా కనిపించినట్టయింది. ఎవరో ఏమిటి, నేనే.

గాల్వే అమ్మాయిని తమ్ముడో చెల్లెలో ఉంటే పంపుతావా అని అడగడం పూర్తవకముందే ఆమె గలగలా నవ్వింది. వాళ్ళ తమ్ముడు ఈ సెప్టెంబర్‌లో అక్కడే చేరుతున్నాడట. ఊరు చిన్నది, క్లాసులో మనలాంటివాళ్ళు తక్కువ, మొదటి ఏడాది ఏడుపొస్తుంది, ఏడ్చుకుంటూ అయినా ఊరివాళ్ళతోనే మాట్లాడాలి, వేరే దిక్కుండదు అని ఇంగ్లిష్‌లో చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఆంటీ లేచి, మా నాన్న పెన్ను అందుకుని, చార్టులో గాల్వే ఎదురుగా ఉన్న సున్నా చుట్టూ ఇంకో పెద్ద సున్నా చుట్టారు.

"ఈ సున్నానే నీకు మందు" అన్నారు నాతో.

ఇంట్లో రభస మొదలయింది. ఇద్దరమ్మాయిల మాట పట్టుకుని ఐదేళ్ళ జీవితాన్ని పణంగా పెడతామా అని మా నాన్న. మనవాళ్ళు ఒక్కరూ లేని చోట దీనికి జ్వరమొస్తే చూసేదెవరు అని మా అమ్మ. "దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా? ఉన్న ఐటీ బాగానే ఉంది. అదే చదువుకోనీండి" అంది. ఆ మాటతో నా చదువు పీకమీద కత్తి పడిందని నాకు తెలిసిపోయింది. మా అమ్మ నెమ్మదైన మనిషి. అలాంటివాళ్ళు ఒకసారి వద్దంటే ఇక అంతే.

ఆంటీ వాదిస్తూనే ఉన్నారు. అప్పుడు మా అమ్మ ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చుని, ఏ కోపమూ లేకుండా అడిగింది. "మీరొక్క మాట చెప్పండి డాక్టరు గారూ. మీకు కూతురుంటే పంపుతారా?"

ఆవిడ నేర్పిన ప్రశ్నే ఆవిడకి తగిలింది. ఎవరేం అడిగినా ప్రశ్న పూర్తవకముందే జవాబు చెప్పే మనిషి, ఆ రోజు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నారు. గడియారం తిప్పుకున్నారు. గోడ వైపు చూశారు. మా అమ్మ కూడా గురువుని మించిన శిష్యురాలిలా నోరు మెదపకుండా కూర్చుంది. నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ పంపనంటే నా పని అయిపోయినట్టే.

"పంపను" అన్నారు ఆంటీ.

మా నాన్న నిట్టూర్చారు. అమ్మ తల ఊపింది.

"పంపనమ్మా. ఆడపిల్లని మూటగట్టి విమానంలో ఏసేకి అదేమన్నా పార్సిలా? తోలుకపోతా. నేనే తోలుకపోయి, ఆ ఊరు, ఆ ఇల్లు, ఆ ఆసుపత్రి అన్నీ నా కండ్లతో చూస్తా. నచ్చితే ఇడిసిపెట్టి వస్తా. నచ్చకుంటే ఎనక్కి తోలుకొస్తా. లండన్‌లో తమ్ముడు ఎన్నాళ్ళ నుంచో రమ్మంటాండాడు, దోవలో వాన్నీ చూసినట్టుంటాది. ఇప్పుడు చెప్పు, పంపుతావా?"

మా అమ్మ నా వైపు చూసి, ఆవిడ వైపు చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మీతో అయితే పంపుతాను" అంది.

అలా ఐదేళ్ళ కాపరానికి నన్ను సాగనంపడానికి ఆ సెప్టెంబర్‌లో ఆంటీ నాతో గాల్వే వచ్చారు. గంజి చీర మీద కొడుకు లెదర్ జాకెట్. వాన మమ్మల్ని ఎదురొచ్చి తీసుకెళ్ళింది. నేను అద్దెకుండబోయే ఇంటావిడ తలుపు తియ్యగానే ఆంటీ నమస్కారానికి బదులు నేరుగా వంటింట్లోకి నడిచి, ఫ్రిజ్ తెరిచి చూసి, పొయ్యి వెలిగించి చూసి, నా గది కిటికీ గడియ ఊపి చూశారు. ఆ ఇంటావిడకి కోపం వస్తుందనుకున్నాను. ఇద్దరూ గంట తిరగకుండానే టీ కప్పులు ముందు పెట్టుకుని మోకాళ్ళ నొప్పుల మీద పడ్డారు. హలాల్ మాంసం దొరకని ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ గుడ్లూ బంగాళదుంపలే తిని, ఒక్కసారి కూడా ముఖం చిట్లించకుండా, బస్సు డ్రైవర్లనీ, రొట్టెల కొట్టువాళ్ళనీ, చర్చి ముందు పూలమ్మే ఆవిణ్ణీ తన కర్నూలు ఇంగ్లిష్‌తో నిలబెట్టి ప్రశ్నలు వేస్తూ తిరిగారు.

నేను ఆవిడ వెనక గొడుగు పట్టుకుని నడిచాను. అంతే. నాకు ఆ ఊరి ఇంగ్లిష్ యాస అర్థం కాలేదు. గొంతు దాటి నా మాట బయటికి రాలేదు. ఎవరేమన్నా నేను ఆంటీ వైపు చూసేదాన్ని, ఆవిడ జవాబు చెప్పేవారు. ఇవాళో రేపో ఆవిడ వెళ్ళిపోతారు. తర్వాత ఎవరి వైపు చూడాలి? నాకు సిడ్నీ రైల్లో వెనక వరస, కిటికీ, అర్థం కాకపోయినా ఎవరూ అడగని ఐటీ క్లాసు, అన్నీ ఎంతో ముద్దుగా గుర్తొచ్చాయి. చివరికి సిగ్గు విడిచి అడిగేశాను. "ఆంటీ, మీకు నచ్చలేదని చెప్పండి. వెళ్ళిపోదాం."

ఆవిడ తిట్టలేదు. తిడతారనే అనుకున్నాను. "ఆసుపత్రి ఇంగా చూడలే గదా. చూసి చెప్తా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాం. వాన కాస్త తెరిపిచ్చింది. ద్వారం బయట బెంచీ మీద ఒక ముసలాయన, ఆసుపత్రి గౌను మీద ఉన్నికోటు వేసుకుని, వెలిగించని సిగరెట్టు వేళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి ఏదో అన్నాడు. నేను అలవాటు ప్రకారం ఆంటీ వైపు చూశాను. ఆవిడ మాట్లాడలేదు. బెంచీకి ఆ చివర కూర్చుని, బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టారు. ఆయన మళ్ళీ అన్నాడు. ఇంక తప్పక నేను ఆయన పక్కన కూర్చుని, ఏమన్నారని అడిగాను.

ఆయన చెప్పాడు. నాకు సగం అందింది. మళ్ళీ అడిగాను. ఆయనకి కోపం రాలేదు సరికదా ఉత్సాహమొచ్చింది. కడుపు మీద నా చెయ్యి పెట్టించుకుని, ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని చూపించాడు. నొప్పి తిన్నాక వస్తుందా, ముందు వస్తుందా అని అడిగాను. ఎలా అడిగానో నాకు తెలియదు. తిన్నాక అన్నాడు. తర్వాత ఆవుల సంగతి వచ్చింది. తను ఇక్కడుంటే వాటిని తమ్ముడు సరిగ్గా చూడడంలేదట. ఆ తమ్ముడు ఎలాంటివాడో కూడా చెప్పాడు. అందులో నాకు అర్థమయిన ముక్కకి నవ్వొచ్చి పైకే నవ్వేశాను. ఆయనా నవ్వాడు. నవ్వి, నన్ను పరకాయించి చూసి, "కొత్తగా వచ్చిన డాక్టరు నువ్వేనా?" అన్నాడు.

ఇంకా కాలేదు, ఇక్కడ చదువుకోవడానికి వచ్చాను అన్నాను.

అప్పుడు ఆంటీ లేచారు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నా చేతిలోంచి గొడుగు తీసుకున్నారు.

"లోపలికి వెళ్దామా ఆంటీ? వార్డులు చూడాలన్నారుగా."

"నేనేంటికి? నాకు ఆ వాసన కొత్తా?" అన్నారు. "మీ అమ్మకు ఫోన్ చేసి చెప్తా, ఇల్లు బాగుందని. రేపు నేను లండన్‌కు పోతాండా."

నాకు నమ్మకం కలగలేదు. "నిజంగా నచ్చిందా ఆంటీ?"

"ముప్పై ఏండ్లకు పైన డాక్టర్నే, ఈ వయసుదాన్ని, ఆయప్ప పక్కనే కూచోనున్యా. ఆయప్ప అడిగింది నన్ను కాదు. నిన్ను." ముక్కు చీదుకుని, కొంగు తలమీదికి లాక్కుని, "నొప్పి ఎడమ పక్కకు పాకుతాందేమో అడగలే నువ్వు. అడుగు, పో" అన్నారు.

వాన మళ్ళీ పట్టుకుంది. ఆవిడ గొడుగు తెరిచి, తెల్లబూట్లతో నీళ్ళు చిమ్ముకుంటూ బస్ స్టాప్ వైపు నడిచి వెళ్ళిపోయారు. నేను బెంచీ మీద ముసలాయన వైపు తిరిగాను. ఆయన ఆవుల సంగతి ఇంకా సగంలోనే ఉంది.